తడి బంతి తూకం

ఎల్లారావు చెయ్యి దానంతటది పాడవలేదు. పాడుచేశారు. ఆ చేసినవాళ్లలో మొదటివాణ్ణి నేను. ఈ ముక్క ముందే ఒప్పేసుకుంటే నా పాపం తగ్గుతుందని కాదు. మా గ్రౌండు చుట్టుపక్కల ఈ మధ్య ఆ కథని వేరే రకంగా చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. "పాపం, ఆడికి రాసిపెట్టి లేదు" అంటారు. రాసిపెట్టడమేంటి, నా తలకాయ! ఆ రాసింది ఎవరో నాకు తెలుసు.

నా పేరు శ్రీరామ్మూర్తి. మాది పద్మనాభం దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం. నేను మాత్రం పోర్టు దగ్గర ఓ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా కుర్చీ అరగదీశాను. పొద్దున్నా సాయంత్రం కంచరపాలెంలో రైలుపట్టాల పక్క గ్రౌండులో బాల్ బ్యాడ్మింటన్ నేర్పేవాణ్ణి. షటిల్ కాదు, బాల్ బ్యాడ్మింటన్. పసుపు ఉన్ని బంతి, చెక్క రాకెట్, జట్టుకి ఐదుగురు. ఈ ఆట ఆడితే టీవీలో కనబడరు, పేపర్లో ఫొటో పడదు. కానీ ఆ రోజుల్లో పెద్ద కంపెనీలకి సొంత జట్లుండేవి. బాగా ఆడినవాడికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దొరికేది. మావాళ్లు ఒళ్లు హూనం చేసుకుని ఆడింది అందుకే. ఆట మీద ప్రేమ లేదని కాదు, ప్రేమతో కడుపు నిండదు కదా.

ఎల్లారావు 1992లో వచ్చాడు. పంతొమ్మిదేళ్లు. యారాడలో చేపల వేటకెళ్లే కుటుంబం. వాళ్లక్క చిట్టమ్మ కంచరపాలెం మార్కెట్లో చేపలమ్మేది. వారమంతా అక్క ఇంట్లో ఉండి, ఆదివారం ఊరెళ్లి తండ్రితో వల లాగి వచ్చేవాడు. మొదటి రోజు రాకెట్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటి మాస్టారూ, ఇంత తేలిగ్గున్నాది? ఇరిగిపోద్దేమో" అన్నాడు. మూడో బంతికి నిజంగానే విరగ్గొట్టాడు. నేను తిట్టడానికి నోరు తెరిచి, బంతి ఎక్కడ పడిందో చూసి మూసేసుకున్నాను. అది గ్రౌండు దాటి పట్టాల మీద పడింది.

వాణ్ణి వెనక నిలబెట్టాను. ఐదుగురి ఆటలో ముందున్నవాళ్లు అందిన బంతినే ఆడతారు. వాళ్ల తల మీంచి దాటిపోయిన ప్రతిదీ వెనకవాడిదే, ఆ చివర నుంచి ఈ చివరకి బలం పెట్టి కొట్టాల్సింది వాడే. ముందువాడు గంటలో నలభై కొడితే వెనకవాడు మూడొందలు కొడతాడు. ఈ లెక్క అప్పుడు నాకు గర్వంగా ఉండేది.

ఇక నా బకెట్ సంగతి. 1991లో ఓ టోర్నమెంటు మధ్యలో వాన పడింది. ఉన్ని బంతి నీళ్లు పీల్చేసింది. మావాళ్లు ఎంత కొట్టినా బంతి నెట్ దాటదే! ఎదుటి జట్టువాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుకి నాకు వారం రోజులు అన్నం సహించలేదు. ఇంటికొచ్చాక ఓ ప్లాస్టిక్ బకెట్ కొన్నాను. పాత బంతులన్నీ అందులో నానబెట్టి, పైపైన పిండి, వాటితోనే ప్రాక్టీసు పెట్టాను. రోజూ గంటన్నర తడి బంతి, మ్యాచ్ రోజున మాత్రమే పొడి బంతి. తడిదానికి అలవాటైన చేతికి పొడి బంతి దూదిలా అనిపిస్తుంది. ఆ ఏడాది జిల్లాలో గెలిచాం. మరుసటి ఏడాదీ గెలిచాం. ఇంకేముంది, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

మోచెయ్యి లాగుతోందని ఎవడైనా అంటే, "నొప్పొచ్చిందంటే చెయ్యి గట్టిపడతన్నట్టురా" అనేవాణ్ణి. నొప్పి ఉన్నవాడు పసుపు రాసిన గుడ్డ మోచేతికి కట్టుకొచ్చేవాడు. మా జట్టులో ఆ గుడ్డకి పతకానికున్న మర్యాద. అది లేనివాణ్ణి మిగతావాళ్లు, "ఏటి బావా, బంతిని ముద్దెట్టుకుంటన్నావేటి, కొట్టట్లేదూ?" అని ఏడిపించేవారు. నేను పక్కన నిలబడి నవ్వేవాణ్ణి. సిగ్గులేని నవ్వు.

1995 వానాకాలంలో ఎల్లారావు తనూ మోచేతికి గుడ్డ కట్టుకున్నాడు. అది ఇక విప్పలేదు. వాడు చెప్పలేదు గానీ చిట్టమ్మ చూసింది. అన్నం దగ్గర నీళ్ల చెంబు కుడిచేత్తో ఎత్తబోయి జారవిడిచాడట. తువ్వాలు పిండుతూ పళ్లు బిగబట్టేవాడట. ఆవిడ వావిలాకు కాపడం పెట్టింది, ఆముదం రాసింది. అప్పటికి తగ్గినట్టే ఉండేది, మర్నాడు గ్రౌండుకొస్తే మళ్లీ మామూలే. ఎక్స్‌రే తీయిస్తే ఎముక శుభ్రంగా ఉందన్నారు. నేను ఆ ఎక్స్‌రేని ఎండలోకి ఎత్తి చూసి, ఏదో నాకు తెలిసినట్టు, "ఎముక ఉక్కులా ఉంది కదరా, ఇంకేటి నీ బాధ?" అన్నాను. నొప్పి ఉన్నది ఎముకలో కాదని, ఎక్స్‌రేకి కనబడేది కాదని నాకేం తెలుసు? తెలీకపోతే నోరు మూసుకోవాలని కూడా తెలీలేదు.

ఒక డాక్టరు నొప్పి మీదే సూది వేశాడు. నాలుగో రోజుకి ఎల్లారావు చెయ్యి కొత్త చెయ్యి అయిపోయింది. స్మాష్ కొడితే ఎదుటివాళ్లు బంతిని చూడ్డం మానేసి తప్పుకునేవాళ్లు. మూడు నెలలకి నొప్పి తిరిగొచ్చింది, ముందుకంటే ఎక్కువై. ఇంకో సూది. ఈసారి రెండు నెలలు. మా జట్టులో ముందాడే ఉమామహేష్, వాడిదీ మా పద్మనాభం వైపే, "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట, సెయ్యి నొప్పంటాడేటి ఈడు" అని వెనక గొణిగేవాడు. ఎల్లారావు వినీ విననట్టు ఉండేవాడు.

1997 జులైలో కుళాయి తిప్పలేకపోయాడు. అప్పుడు చిట్టమ్మ చేపల గంప పక్కింటావిడకి అప్పగించి తమ్ముణ్ణి పెద్దాసుపత్రికి లాక్కెళ్లింది. నేనూ వెనకాల వెళ్లాను, ఆటగాణ్ణి నాకు తెలీకుండా ఏమైనా చేసేస్తారేమోనని. అక్కడ ఫిజియోథెరపీ గదిలో అనూరాధగారని ఒకావిడ, ముప్పై ఏళ్లుంటాయేమో, వాడి చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టించి, మధ్య వేలు పైకెత్తమని, తను దాన్ని కిందకి నొక్కారు. ఒక్క వేలు! పడవని ఇసక మీదకి ఒంటిచేత్తో నెట్టే మనిషి "ఓలమ్మో" అని కుర్చీలోంచి లేచిపోయాడు. మోచేతి బయటి ఎముక మీద ఆవిడ బొటనవేలు ఆనించగానే కళ్లలో నీళ్లొచ్చాయి.

"టెన్నిస్ ఎల్బో అంటారండీ దీన్ని" అన్నారావిడ.

"మావాడు టెన్నిస్ కోర్టు మొహం కూడా చూళ్లేదమ్మా" అన్నాను, వెటకారంగానే.

"బట్టలు పిండేవాళ్లకీ, స్క్రూలు బిగించేవాళ్లకీ వస్తుంది. పేరుదేముంది?" అని, ఎల్లారావు వైపు తిరిగారు. "కండని ఎముకకి కట్టి ఉంచే తాడులాంటిది ఇక్కడుంటుంది. అది మళ్లీ మళ్లీ లాగుడు పడి పీచులు విడిపోతోంది. నువ్వు మానడానికి టైమివ్వడం లేదు."

"పురి ఇడిపోయిన తాడు" అన్నాడు ఎల్లారావు. వలతాళ్లతో పెరిగినవాడికి ఇంకో మాట అక్కర్లేదు.

తర్వాత ఆవిడ అడగడం మొదలెట్టారు. రాకెట్ పిడి ఎంత లావు? తీగలు ఎంత బిగువు? రోజుకి ఎన్నిసార్లు కొడతావు? చివరికి, "మీ బంతి ఎంత బరువుంటుంది?" అన్నారు.

ఎల్లారావు అమాయకంగా, "పొడి బంతా, తడి బంతా మేడమ్?" అన్నాడు.

ఆవిడ రాయడం ఆపి తలెత్తారు. "తడి బంతేంటి?"

వాడు బకెట్ సంగతంతా చెప్పాడు. ఎంత గర్వంగా చెప్పాడంటే, మధ్యలో నా వైపు చూసి నవ్వాడు కూడా. ఆవిడా నా వైపు చూశారు. "తడిస్తే ఎంత పెరుగుతుందో ఎప్పుడైనా తూచారా?" అన్నారు. "కొంచెం పెరుగుతుందేమో" అన్నాను. "కొంచెమంటే?" అన్నారు. ఆరేళ్లు నానబెట్టాను, ఒక్కనాడు తూచలేదు. నాకు కోపమొచ్చింది. ఆవిడ మీద కోపం, గదిలో ఫ్యాను మీద కోపం, నా మీద తప్ప అన్నిటి మీదా కోపం.

తిరిగొచ్చాక చిట్టమ్మ నన్ను వదల్లేదు. "బంతులట్రండి మాస్టారు బాబూ, మనకాడ తక్కెడ లేదేటి?" అంది. మార్కెట్లో, చేపల పొలుసుల మధ్య, తక్కెడ ఎత్తి పట్టుకుంది. ఒక పళ్లెంలో తడి బంతి ఒకటి వేసింది. రెండోదాంట్లో పొడి బంతి వేసింది. తడి బంతి పళ్లెం కిందకి కూలబడింది. ఇంకో పొడి బంతి వేసింది. అప్పుడు ముల్లు మధ్యకొచ్చి నిలబడింది. రెండు పొడి బంతులు, ఒక తడి బంతి, సరిసమానం. వాడు గంటకి కొట్టే మూడొందలు మూడొందలు కాదు, ఆరొందలు. అదీ రోజూ, ఐదేళ్లు.

చిట్టమ్మ తక్కెడ దించి నా మొహంలోకి చూసింది. "సేపల మీద నీల్లు సల్లి బరువెక్కించి అమ్మితే జనం మా మొకాన ఉమ్మేత్తారు బాబూ. మరి నువ్వేటి సేసినావు? మా తమ్ముడికి రోజూ తడి తూకం తూసినావు. నీకు సేతులెలాగొచ్చినాయి?"

"అప్పా, ఊరుకో. మాస్టారు తెలీక సేసినారు" అన్నాడు ఎల్లారావు అక్కతో. ఆవిడ తిట్టిన తిట్టు కంటే వాడి ఆ మాటే నాకు ఎక్కువ తగిలింది.

అనూరాధగారి వైద్యంలో వింతేమీ లేదు. మూడు నెలలు బంతి ముట్టకూడదు, వల లాగకూడదు. మోచేతి కింద పట్టీ. రోజూ అరకిలో బరువు పట్టుకుని, ఎడమచేత్తో సాయం పట్టి కుడి మణికట్టు పైకెత్తి, సాయం వదిలేసి నెమ్మదిగా దించాలి. ఎత్తడం కాదు, దించడమే మందు అన్నారు. పదిహేనుసార్ల చొప్పున మూడు విడతలు. కొంచెం నొప్పి ఉన్నా చెయ్యాలి, ఎక్కువైతే ఆపాలి. "ఇంకో సూది మాత్రం వేయించొద్దు. సూది నొప్పిని నిద్రపుచ్చుతుంది, తాడుని అతకదు. నిద్రపోయిన నొప్పి మీద నువ్వు బలంగా కొడతావు, అంతే" అన్నారు. చిట్టమ్మ తన అరకిలో తూకం రాయి గుడ్డసంచిలో వేసి ఇచ్చింది. వాడు అక్క కొట్టు పక్కన స్టూలు మీద కూర్చుని, బేరాల మధ్య, రోజూ దించేవాడు. తొమ్మిది వారాలకి చెంబు ఎత్తాడు. తువ్వాలు పిండాడు. నిజంగా తగ్గుతోంది.

నేను బకెట్ బోర్లించాను. కానీ జట్టుకి ఎందుకని చెప్పలేదు. "బంతులు కుళ్లిపోతన్నాయిరా, మానేద్దాం" అన్నాను. నా తప్పని నలుగురి ముందు చెప్పడానికి నోరు రాలేదు. మాస్టారు కదా మరి! మాస్టార్లు తప్పు చెయ్యరు, బంతులు కుళ్లిపోతాయి.

అక్టోబరులో కబురొచ్చింది. ఓ పెద్ద కంపెనీ జట్టుకి ఒక్క ఉద్యోగం. నవంబరు మూడోవారంలో సెలక్షను. వయసు ఇరవై ఐదు నిండకూడదు. ఎల్లారావుకి జనవరిలో నిండిపోతాయి. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు. అనూరాధగారి మూడు నెలల గడువుకి ఇంకా కొన్ని వారాలున్నాయి. ఆ తర్వాత కూడా ఆట నెమ్మదిగా మొదలెట్టాలన్నారు. సెలక్షనులో నెమ్మదిగా ఎవడాడతాడు?

సాయంత్రం బస్టాపులో ఎల్లారావు నన్ను అడిగాడు. "మేడమ్ సూది వద్దన్నారు. అప్పా వద్దంతాది. మీరేటంతారు మాస్టారూ?"

నేను వద్దనాలి. వద్దని చెప్పడానికి కావలసిందంతా అప్పటికి నాకు తెలుసు, తక్కెడలో కళ్లారా చూశాను. కానీ వాడికి ఉద్యోగం రాకపోతే నా బకెట్ వల్ల రాలేదని నాకూ చిట్టమ్మకీ తెలిసిపోతుంది. వస్తే అంతా మాఫీ. "ఒక్క సూదిరా. రెండ్రోజుల ఆట. ఉద్యోగమొచ్చాక ఏడాది పొడుగునా ఆ రాయి దించుకుంటూ కూకో, ఎవుడొద్దన్నాడు?" అన్నాను.

వాడు మోచేతి పట్టీ సర్దుకున్నాడు. "అప్పకి సెప్పకండి మరి" అన్నాడు.

సెలక్షను రోజుల్లో వాడాడిన ఆట నేను మళ్లీ చూళ్లేదు. పొడి బంతి, నిద్రపోయిన నొప్పి, ఇరవై నాలుగేళ్ల చెయ్యి. చూస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టడం మర్చిపోయారు. ఆఖరి మ్యాచ్ ఆఖరి బంతి కొట్టాక మోచెయ్యి పట్టుకుని, "సురుక్కుమన్నాది మాస్టారూ, ఏదో ఊడినట్టున్నాది" అన్నాడు. "గెలిచావు కదరా ఎదవా" అని నేను వాణ్ణి కావలించుకున్నాను. జాబితాలో మొదటి పేరు ఎల్లారావు. రెండో పేరు ఉమామహేష్.

ఇరవై రోజుల తర్వాత మెడికల్. అప్పటికి సూది మత్తు దిగిపోయింది. అక్కడి డాక్టరు ఓ కుర్చీ చూపించి, చెయ్యి చాపి, అరచెయ్యి బోర్లా పెట్టి, వెనకనుంచి పట్టుకుని ఎత్తమన్నాడట. మామూలు చెక్క కుర్చీ. వాడు మూడుసార్లు ప్రయత్నించాడట. మూడోసారి కుర్చీ కాలు నేల వదిలి మళ్లీ పడిందట. అన్‌ఫిట్ అని రాశారు. ఆ ఉద్యోగం రెండో పేరుకి వెళ్లింది.

ఉమామహేష్ చెడ్డవాడు కాడు. మైసూర్‌పాక్ ప్యాకెట్ పట్టుకుని చిట్టమ్మ ఇంటికే వచ్చాడు. "నోరు తెరు బావా" అని ముక్క విరిచి ఎల్లారావు నోట్లో పెట్టాడు. వాడు తిన్నాడు. చిట్టమ్మ లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మళ్లీ అనూరాధగారి దగ్గరికెళ్లాం. ఆవిడ చెయ్యి ముట్టుకోకముందే, "ఎన్ని సూదులు?" అన్నారు. "మూడు మేడమ్" అన్నాడు. ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టేశారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "ఇప్పుడు బాగుపడదని కాదు, మునుపటిలా పడదు" అని మాత్రం అన్నారు.

ఆటే కాదు, వల కూడా పోయింది. యారాడలో వల లాగేటప్పుడు అందరూ ఒక్క ఊపులో లాగాలి. మధ్యలో ఒక చెయ్యి జారితే మిగతావాళ్ల మీద బరువు పడుతుంది. రెండు సీజన్లు చూసి పెద్దవాళ్లు వాణ్ణి ఒడ్డునే ఉండమన్నారు. ఇప్పుడు అక్క కొట్టు దగ్గర కూర్చుంటాడు. ఆవిడ చేపలు కోస్తుంది, వాడు ఎడమచేత్తో తూస్తాడు. పెళ్లయింది, ఓ కూతురు. పిల్లని కుడిచేత్తో ఎత్తుకోడు.

వాణ్ణి అన్‌ఫిట్ అన్న ఏడాదే నేను కోచింగ్ మానేశాను. 2004లో రిటైరయ్యాను. 2006లో ఓ పొద్దున్న రైల్వే స్టేషన్ వైపు వెళ్తూ ఊరికే గ్రౌండులోకి తొంగిచూశాను. కోర్టు పక్కన నీలం రంగు బకెట్. నిండా నీళ్లు, నీళ్లలో పసుపు బంతులు. కొత్త కుర్రాళ్లు పదిమంది దాకా, ముగ్గురి మోచేతులకి పసుపు గుడ్డలు. ఈల మెళ్లో వేసుకుని ఉమామహేష్.

"మాస్టారూ! మీరెట్టిన పద్ధతే! మధ్యలో మానేసినాం గానీ నాను మల్లీ మొదలెట్టినాను" అన్నాడు, నా కాళ్లకి దండం పెట్టబోతూ.

నాకు ఒళ్లు మండిపోయింది. బకెట్ని కాలితో తన్నాను. తక్కెడ సంగతి, మూడు సూదుల సంగతి, నా అబద్ధం సంగతి, తొమ్మిదేళ్లు మింగినదంతా కక్కేశాను. వాడు ఓపిగ్గా విన్నాడు. "అలగైతే మిగతా నలుగురం బాగానే ఉన్నాం గదా మాస్టారూ? అందరం తడి బంతే ఆడినాం. ఆడి సెయ్యే మెతక" అన్నాడు. నలుగురూ ముందాడారని, వెనక ఆడింది వాడొక్కడేనని ఎంత చెప్పినా తల ఊపాడే తప్ప ఎక్కించుకోలేదు. నేను గేటు దాటేసరికి బకెట్ కుళాయి కింద ఉంది.

నా మాట వినకపోయినా ఎల్లారావు చెయ్యి చూసైనా వింటారనుకున్నాను. వాడు రానన్నాడు. "ఇప్పుడెందుకు మాస్టారూ, నవ్వుతారు" అన్నాడు. మోచేతులకి గుడ్డలున్న ముగ్గురి సంగతి చెప్పాక లేచాడు. చిట్టమ్మని అడిగి తక్కెడ కూడా తెచ్చాడు.

గ్రౌండులో కుర్రాళ్లు చుట్టూ చేరారు. ఎల్లారావు ఎడమచేత్తో తక్కెడ ఎత్తాడు. నేను ఒకవైపు తడి బంతి, ఇంకోవైపు రెండు పొడి బంతులు వేశాను. ముల్లు మధ్యలో నిలబడింది. "ఓర్నాయనో" అన్నాడొకడు. గుడ్డ కట్టుకున్న కుర్రాడొకడు మోచెయ్యి తడుముకున్నాడు. దేవుడా, విన్నార్రా అనుకున్నాను.

అప్పుడు ఉమామహేష్ ఓ రాకెట్ తెచ్చి ఎల్లారావు కుడిచేతికిచ్చాడు. "ఏదీ బావా, ఓపాలి ఇలాగ సెయ్యి సాపి పట్టు, కుర్రోల్లు సూత్తారు" అన్నాడు.

ఎల్లారావు నా వైపు చూశాడు. చెయ్యి చాపాడు. ముందు మణికట్టు వణికింది, తర్వాత మోచెయ్యి. పది అంకెలు లెక్కపెట్టేలోపు రాకెట్ జారి మట్టిలో పడింది. ఒకప్పుడు మొదటి రోజునే తేలిగ్గా ఉందన్నాడే, అలాంటి రాకెట్.

ఉమామహేష్ కుర్రాళ్ల వైపు తిరిగాడు. వాడి గొంతులో వెటకారం లేదు, జాలే ఉంది. "సూసినార్రా? సెయ్యి గట్టిపడకపోతే ఇలాగైపోద్ది. అందుకే తడి బంతితో ఆడమంటన్నాను" అన్నాడు.

కుర్రాళ్లు ఎల్లారావు చెయ్యి వైపు చూశారు, భయంగా. తర్వాత ఒక్కొక్కడే బకెట్ దగ్గరికెళ్లి బంతి తీసుకున్నాడు. ఇందాక మోచెయ్యి తడుముకున్నవాడు గుడ్డ ఇంకాస్త బిగించి కట్టుకుని వెనక వరసలోకెళ్లి నిలబడ్డాడు. నేనేదో అరిచాను. ఏమరిచానో నాకే గుర్తులేదు. ఎవరూ తిరిగి చూడలేదు.

ఎల్లారావు వంగి ఎడమచేత్తో రాకెట్ తీసి, మట్టి దులిపి, గోడకి ఆనించాడు. తక్కెడ భుజాన వేసుకున్నాడు. "పదండి మాస్టారూ. బేరాల టైము, అప్ప తక్కెడ కోసం సూత్తంటాది" అన్నాడు.

గేటు దగ్గరికొచ్చేసరికి వెనకాల ఆట మొదలైంది. తడి బంతి రాకెట్‌కి తగిలితే టప్పున మోగదు, బరువుగా చప్పుడవుతుంది. ఆ చప్పుడు ఈ ఊళ్లో మొదట వినిపించింది నేనే.